అవ్వ జారి పడితే: మొదటి గంట నుంచి మూడో నెల దాకా ఏం చేయాలి

వానలు మొదలయ్యాయంటే మన దగ్గర ముసలివాళ్లు ఎక్కడ పడతారో ముందే చెప్పొచ్చు: తడిసిన షాబాద్ బండల మీద, సాన్పి (పేడనీళ్లు) చల్లిన వాకిట్లో, లేదంటే బాత్రూం గడప దగ్గర. పడ్డాక జరిగే తతంగం కూడా ప్రతి ఇంట్లో ఒకటే. నలుగురు ఉరికొచ్చి చంకల కింద చేతులేసి లేపుతారు. కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తారు. ఒకరు కాలు పట్టి గుంజుతారు, ఇంకొకరు బామ్ రుద్దడం మొదలుపెడతారు. "ఏం కాలే బిడ్డా, జర బెణికింది" అని అవ్వ కూడా వంత పాడుతుంది. ఆమెకు దవాఖాన అంటే భయం, మీకు ఖర్చవుతుందంటే ఇంకా భయం.

వీటిలో ఏ ఒక్కటీ చేయకుండా ఆగగలిగితే సగం మేలు చేసినట్టే. మిగతా సగం కింద రాస్తున్నాను. ఇంకో మాట ముందే చెప్పాలి. నిలబడి ఉన్న మనిషి కిందపడినంత మాత్రాన గట్టి ఎముక విరగదు. విరిగిందంటే లోపల ఎముక ముందే గుల్లబారి ఉందనుకోవాలి. అందుకే విరిగిన ఎముకను అతికించుకొని ఇంటికి వచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు. చాలామంది అక్కడే ఆగిపోతారు, వాళ్లలో కొందరు రెండేళ్లు తిరక్కముందే రెండో తుంటి విరగ్గొట్టుకొని మళ్లీ వస్తారు.

లేపకముందు

పడ్డచోటే ఉండనివ్వండి. చలిగా ఉంటే దుప్పటి కప్పండి. చుట్టూ మూగినవాళ్లను అవతలికి పంపి, పక్కన నేల మీద కూర్చొని నిమ్మళంగా అడగండి.

ముందు అడగాల్సింది ఎట్లా పడ్డదని. కాలు జారిందా, కళ్లు తిరిగాయా? కళ్లు తిరిగి పడితే, ఛాతీలో నొప్పి ఉందంటే, మూతి ఒక పక్కకు పోయినా, మాట ముద్దగా వస్తున్నా ఎముక సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లయితే, ఇంట్లో మిషన్ ఉంటే ఒక చుక్క రక్తం పరీక్షించండి. 70 కంటే తక్కువ చూపించి, మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి.

తర్వాత తల తగిలిందా అని. రక్తం పలచబడటానికి ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి గోలీలు వేసుకునేవాళ్లకు బయట బొప్పి కూడా లేకుండా లోపల రక్తం కారే అవకాశం ఉంది. అలాంటివాళ్లు బాగానే మాట్లాడుతున్నా సరే, ఆ గోలీల పేర్లు డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి.

మెడలోనో నడుములోనో నొప్పి ఉందంటే, కాళ్లు చేతులు తిమ్మిరెక్కాయంటే ఆమెను అంగుళం కూడా జరపవద్దు. తల అటూ ఇటూ తిప్పకుండా రెండు పక్కలా మడిచిన దుప్పట్లు ఆనించి అంబులెన్స్ కోసం ఆగండి.

కాలి బొటనవేలు ఎటు చూస్తోంది

ఇప్పుడు పాదాల దగ్గరికి వెళ్లి, కాళ్లను ముట్టుకోకుండా చూడండి. మామూలుగా వెల్లకిలా పడుకున్నప్పుడు రెండు బొటనవేళ్లూ పైకప్పు వైపు, కొంచెం బయటికి చూస్తాయి. తుంటి విరిగితే ఆ పక్క పాదం మొత్తం బయటికి వాలిపోతుంది, చిటికెన వేలు నేలకు ఆనబోతుందా అన్నట్టు ఉంటుంది. రెండు మడమలు చూస్తే ఆ కాలు పొట్టిగా కనిపిస్తుంది. ఒంట్లోని 206 ఎముకల్లో అన్నిటికంటే పొడవైనది తొడ ఎముక. దాని పైకొస గుండ్రంగా ఉండి కటి ఎముక గుంటలో తిరుగుతుంది. ఆ గుండుకు కింద మెడ లాంటి సన్నని భాగం ఉంది. ముసలితనంలో ఎక్కువగా విరిగేది అదీ, దాని కిందిభాగమూ. విరగగానే తొడ చుట్టూ ఉన్న బలమైన కండరాలు కింది ముక్కను పైకి లాగుతాయి, అందుకే కాలు పొట్టిదవుతుంది. దాన్ని గుంజి సరిచేద్దామని మాత్రం అనుకోకండి. లోపల ముక్క పదునుగా ఉంటుంది, నరాన్నీ రక్తనాళాన్నీ కోసేయగలదు.

"మోకాలు వంచకుండ మడిమె ఎత్తు అవ్వా" అనండి. ఎత్తలేక గజ్జల్లో నొప్పి అని అరిస్తే ఇంకో పరీక్ష అక్కర్లేదు, తుంటి విరిగిందనే అనుకొని నడుచుకోండి.

ఇందులో ఒక మెలిక ఉంది. కొన్నిసార్లు విరిగిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి ఉంటాయి. అప్పుడు కాలు వంకర పోదు, మనిషి కుంటుతూ నడుస్తుంది కూడా. తుంటి నొప్పి ఒక్కోసారి మోకాలిలో తెలుస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదని ఇంటికి తెచ్చుకొని, వారానికి అవ్వ అసలే లేవలేకపోతే అప్పుడు తుంటి సంగతి బయటపడిన ఇళ్లు ఎన్నో. పడ్డాక ఆ కాలి మీద బరువు మోపలేకపోతే తుంటికీ కటికీ ఎక్స్‌రే అడగండి. అందులోనూ ఏమీ కనిపించక, నొప్పి మాత్రం తగ్గకపోతే ఎమ్మారై గానీ సీటీ గానీ అవసరమా అని అడగండి. సన్నని చీలిక మామూలు ఎక్స్‌రేలో దాక్కుంటుంది.

చెయ్యి అయితే

పడేటప్పుడు చెయ్యి ఆనించడం సహజం, కాబట్టి మణికట్టు దగ్గర ముంజేతి ఎముక విరగడం చాలా మామూలు. అరచెయ్యి వెనక్కి జరిగినట్టు, మణికట్టు పైన ఎత్తుగా కనిపిస్తుంది. భుజమూ, మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముకా కూడా ఇట్లాగే విరుగుతాయి.

అన్నిటికంటే ముందు గాజులు, ఉంగరాలు తీసేయండి. కాలైతే మెట్టెలు, వెండి కడియాలు. ఇది చాలామందికి తట్టదు. అరగంటలో వాపు వచ్చాక ఉంగరం లోపలికి దిగి వేలికి రక్తం అందదు, అప్పుడు కట్టర్‌తో కోయాల్సి వస్తుంది. సబ్బు నురగ రాసి నెమ్మదిగా తీయండి. తాళి, పుస్తెలతాడు జోలికి పోనక్కర్లేదు, ఎక్స్‌రే గదిలో అవసరమైతే వాళ్లే చెబుతారు.

కట్టు కోసం ఇంట్లో ఉన్నవి చాలు. నాలుగైదు రోజుల దినపత్రికలు కలిపి మందంగా మడవండి, మోచేతి నుంచి వేళ్ల మొదళ్ల దాకా వచ్చేంత పొడవు ఉండాలి. లోపల మెత్తటి తువ్వాల పరచండి. చెయ్యి ఉన్న వంకర మీదే, సరిచేయకుండా, దాంట్లో ఆనించి విరిగిన చోటికి పైనా కిందా రెండు మూడు చోట్ల గుడ్డపేలికలతో కట్టండి. విరిగిన చోటు మీద ముడి వేయొద్దు. తర్వాత చున్నీతోనో కండువాతోనో మెడకు వేలాడదీయండి, వేళ్లు మోచేతి కంటే కొంచెం పైకి ఉండేలా.

కట్టాక వేలి గోరును ఒక్క క్షణం గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు మూడు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఆలస్యమైతే, వేళ్లు చల్లగా ఉంటే, చీమలు పాకినట్టుందంటే కట్టు వదులు చేయండి. ఈ చిన్న పరీక్ష గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

చర్మం చీలి ఎముక బయటపడితే లోపలికి నొక్కకండి. పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ వేయొద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి, రక్తం కారుతుంటే గాయం అంచుల మీద ఒత్తి పట్టుకోండి. ఇలాంటి గాయానికి యాంటీబయాటిక్ ఎంత తొందరగా పడితే అంత మంచిది. ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా కావాలి.

108 వచ్చేలోపు

తుంటి అనుమానం ఉంటే రెండు కాళ్ల మధ్య మెత్త (దిండు) పెట్టి, మోకాళ్ల పైనా చీలమండల దగ్గరా మెత్తటి చీర ముక్కతో రెండు కాళ్లూ కలిపి వదులుగా కట్టండి. మంచికాలే దెబ్బతిన్న కాలికి ఆసరా. నులక మంచం మీద మోయడం మనకు అలవాటే గానీ నడుమ కిందికి కుంగుతుంది, తుంటికీ వెన్నుకూ అది మంచిది కాదు. ఎంతకీ బండి రాని ఊళ్లో ఉంటే చెక్క బల్లనో తలుపు రెక్కనో వాడండి. ఆటోలో మడిచి కూర్చోబెట్టడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

చాయ్, నీళ్లు, అన్నం ఏమీ పెట్టకండి, ఆపరేషన్ పడొచ్చు. షుగర్ పడిపోయినప్పుడు తప్ప దీనికి మినహాయింపు లేదు. వాపు మీద ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టొచ్చు. మాలిష్ మాత్రం వద్దు, వేడి కాపడం వద్దు.

ఒక సంచిలో ఇవి వేయండి: ఆధార్, రేషన్ కార్డు, వాడుతున్న గోలీలన్నీ చీటీతో సహా, పాత రిపోర్టులు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఉంటే వాటి డబ్బా. చివరి రెండూ లేక దవాఖానలో ముసలివాళ్లు పడే అవస్థ చూస్తేగానీ తెలియదు. కనపడక, మాట అర్థంకాక, రెండో రోజుకే ఎక్కడున్నానో తెలియనట్టు మాట్లాడతారు.

దవాఖానలో

వరంగల్‌లో అయితే ఎంజీఎం ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి కూడా కేసులు ఇక్కడికే వస్తాయి. హనుమకొండలో ప్రైవేటు బొక్కల డాక్టర్లకు కొదవ లేదు. ఏటూరునాగారం అవతలి నుంచి వచ్చేవాళ్లకు దాదాపు వంద కిలోమీటర్ల దారి, కాబట్టి మొదట దగ్గరి ప్రభుత్వ దవాఖానలో నొప్పికి ఇంజెక్షన్, సెలైన్ పెట్టించుకొని కదలడం నయం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. అడ్వాన్సు కట్టకముందే ఆ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు ఎక్కడుందో వెతికి, ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందా అని అడగండి.

తుంటి విరిగిందని తేలాక ఇంట్లో పెద్ద చర్చ మొదలవుతుంది. "ఈ వయసులో కోతలెందుకు, మంచంలో ఉంటే అదే అతుక్కుంటది" అని ఎవరో ఒక మామయ్య అంటాడు. ఆయన మాట వినకండి. ఎనభై ఏళ్ల మనిషిని రెండు మూడు నెలలు మంచానికి కట్టేస్తే వీపు మీద పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుంది. ప్రాణం తీసేవి ఇవే. ఆపరేషన్ చేసేది మర్నాడో ఆ మర్నాడో లేపి నడిపించడం కోసం. అందుకే గుండె, రక్తం పరీక్షలు తొందరగా ముగించి 48 గంటల లోపు చేయాలని డాక్టర్లు చూస్తారు. వయసు ఎక్కువైతే ఈ తొందర ఇంకా ఎక్కువ ఉండాలి.

ఏ ఆపరేషన్ అన్నది ఎక్కడ విరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. తొడ ఎముక పైకొసన ఉన్న గుండ్రటి తలకు రక్తం చాలావరకు దాని కింది మెడ లాంటి భాగం మీదుగానే వెళ్తుంది. మెడ పూర్తిగా విరిగి పక్కకు జరిగితే తొడిమ తెగిన కాయలా ఆ తల ఎండిపోతుంది. అప్పుడు ముసలివాళ్లకు ఆ తల తీసేసి లోహపుది పెడతారు. మెడ కింద విరిగితే రక్తానికి ఢోకా లేదు, రాడ్డూ స్క్రూలూ వేసి బిగిస్తారు. పక్కింటి వాళ్లకు బంతి మార్చారు, మనకు రాడ్డు వేశారేంటి అన్న అనుమానానికి జవాబు ఇదే.

డాక్టరు దగ్గర రాసుకొని వెళ్లి అడగండి: ఏ ఎముక, ఎక్కడ విరిగింది? ఎప్పటి నుంచి బరువు మోపొచ్చు? రక్తం గడ్డకట్టకుండా ఏం ఇస్తున్నారు, ఎన్ని రోజులు? ఎముక బలానికి మందు ఎప్పుడు మొదలుపెడతారు? చివరి ప్రశ్న మీరు అడగకపోతే చాలాసార్లు అది మాటల్లోకే రాదు.

నాటు కట్టు సంగతి

మన ఊళ్లలో కట్టు కట్టేవాళ్ల మీద నమ్మకం గట్టిది, దానికి కారణమూ ఉంది. ఎముక తనంతట తాను అతుక్కునే గుణం కలది. విరిగిన చోట రక్తం గడ్డకట్టి, కొన్ని వారాల్లో మెత్తటి గుజ్జులా మారి, తర్వాత గట్టిపడుతుంది. పక్కకు జరగని చిన్న విరుగు ఎవరు కట్టినా అతుకుతుంది, పేరు కట్టినవాళ్లకు వస్తుంది. వంకరగా అతికిన చెయ్యి ఎవరికీ గుర్తుండదు.

వంకర సంగతి అటుంచండి, వెదురు బద్దలు పెట్టి బిగించిన కట్టు లోపల వాపు పెరిగితే రక్తం ఆగిపోతుంది. ఆరేడు గంటల్లోనే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు, కుళ్లితే తీసేయాల్సి రావొచ్చు. కాబట్టి ఎవరు కట్టినా, ఆసుపత్రిలో పిండికట్టు వేసినా సరే, మొదటి రెండు రోజులు గోరు పరీక్ష చేస్తూనే ఉండండి. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతోందా? వేళ్లను మీరు మెల్లగా చాపితే అరుస్తోందా? మొద్దుబారాయా, నీలంగా ఉన్నాయా? రాత్రి రెండైనా సరే, పొద్దున చూద్దాం అనకుండా దవాఖానకు తీసుకెళ్లి కట్టు విప్పించండి. తుంటికి మాత్రం నాటు కట్టు అసలు మాటే వద్దు.

పిండికట్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తడవనివ్వకండి, దురద అని లోపల పుల్ల పెట్టకండి, చెయ్యి ఎత్తులో ఉంచి వేళ్లు ఆడిస్తూ ఉండమనండి. మణికట్టుకు ఆరు వారాలు పడుతుంది, పిక్క ఎముకకు మూడు నెలలు దాటొచ్చు.

ఎముక ఎందుకు గుల్లబారింది

ఎముకలో పాతదాన్ని కరిగించే కణాలూ, కొత్తది కట్టే కణాలూ జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. ముప్పై ఏళ్ల వరకు కట్టడం పైచేయిగా ఉంటుంది. ఆడవాళ్లలో ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోయి కరగడం ఒక్కసారిగా పెరుగుతుంది. గర్భసంచి ఆపరేషన్‌లో అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసేయించుకున్నవాళ్లకు ఈ నష్టం ఇంకా ముందే మొదలవుతుంది. మన జిల్లాల్లో ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి తెలియని పొడులూ, పేరు లేని గోలీలూ మింగేవాళ్లది ఇంకో కథ. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే నొప్పి మాయమవుతుంది, ఎముక లోలోపల కరుగుతుంది.

డెక్సా అనే స్కాన్‌లో ఎముక సాంద్రత తెలుస్తుంది. రిపోర్టులో టీ-స్కోరు చూడండి: మైనస్ 1 దాకా మామూలు, మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి పోతే గుల్లబారినట్టు, మధ్యలో ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. మడమ మీద మిషన్ పెట్టి క్యాంపుల్లో చెప్పే అంకెను పట్టుకొని భయపడొద్దు, తుంటికీ నడుముకూ చేసిందే లెక్క. తుంటి ఇప్పటికే విరిగితే స్కోరు ఎంత వచ్చినా మందు కావాల్సిందే. అవ్వ ఎత్తు వయసులో ఉన్నప్పటికంటే నాలుగు సెంటీమీటర్ల పైన తగ్గినా, గూని వస్తున్నా, బిందె ఎత్తాక నడుములో కలుక్కుమని నెలల తరబడి నొప్పి ఉన్నా వెన్నుపూస నలిగి ఉండొచ్చు.

మందుల్లో వారానికొక గోలీగా ఇచ్చే అలెండ్రోనేట్ ఉంది. పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో వేసుకొని అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి, లేదంటే అన్నవాహికలో పుండు పడుతుంది. అంత నియమం కుదరనివాళ్లకు ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. కిడ్నీ పరీక్ష చూసి ఇస్తారు. విటమిన్ డి 60,000 యూనిట్ల గోలీ సాధారణంగా వారానికొకటి, అదీ కొన్ని వారాలే. రోజూ వేసుకొని రక్తంలో కాల్షియం ఎక్కువై వాంతులతో చేరేవాళ్లు ఉన్నారు. చీటీ మీద తారీఖులు రాసి పెట్టండి.

ఎండ మన దగ్గర బాగానే కాస్తుంది, కానీ సిరిసిల్ల, జగిత్యాల వైపు పొద్దంతా ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల ఒంటి మీద అది పడదు. చేతులు, ముఖం, పాదాల మీద మధ్యాహ్నానికి ముందు కాసేపు పడాలి.

తిండి విషయానికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, ముట్లు ఆగినవాళ్లకు 1200 కావాలి. వంద గ్రాముల తైదల్లో (రాగుల్లో) సుమారు 350 మిల్లీగ్రాములు, ఒక గ్లాసు పాలలో 240 దాకా ఉంటాయి. పొద్దున తైద అంబలి, రెండు పూటలా పెరుగు, ఒక నువ్వుల లడ్డు, వీలైతే ముళ్లతో తినే చిన్న చేపలు పెట్టండి. పాయ సూపు తాగితే బొక్క బలం అన్నది రుచి కోసం పుట్టిన మాట. అందులో కాల్షియం చాలా తక్కువ, ఇష్టమైతే తాగండి గానీ లెక్కలో వేయకండి. అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి, కాబట్టి పప్పు, గుడ్డు ఆపవద్దు. దెబ్బ తగిలితే పథ్యమని ఉత్త చారన్నం పెట్టే అలవాటు మానాలి.

ఇల్లు, కాళ్లు

బాత్రూంలో నిలబడ్డ ఎత్తుకు ఒక పట్టీ (పట్టుకొని లేచే కడ్డీ), కూర్చునే చోట ఒక పట్టీ గోడకు స్క్రూలతో బిగించండి. తువ్వాల రాడ్డు పట్టీ కాదు, ఊడి వస్తుంది. ఇండియన్ లెట్రిన్ ఉంటే పైన పెట్టే కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు ఉంచండి. గడపకు తెల్ల రంగు పట్టీ వేయండి. తడి బండల మీద అరిగిన హవాయి చెప్పులు వద్దు. సాన్పి చల్లే పని కోడళ్లో మనవలో తీసుకోవాలి, పండుగ రోజైనా. రాత్రి బీపీ, నిద్ర గోలీలు వేసుకునేవాళ్లు లేవగానే నడవకుండా మంచం అంచున కాళ్లు వేలాడేసి కాసేపు కూర్చొని లేవాలి.

తొడ కండరం బలంగా ఉంటేనే మోకాలు నిలుస్తుంది, పడకుండా కాపాడేదీ అదే. మోకాలి గుజ్జుకు రక్తనాళాలు లేవు, అరిగింది తిరిగి రాదు, కాబట్టి దాని చుట్టూ ఉన్న కండరాన్నే పెంచుకోవాలి. డాక్టరు సరేనన్నాక గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, మొదట చేతులు ఆనించి, తర్వాత ఆనించకుండా లేచి కూర్చోమనండి, పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు. వంటింటి గట్టు పట్టుకొని మడమలు ఎత్తి దించడం, ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడటం తర్వాతి మెట్టు. చేతులు ఆనించకుండా వరసగా ఐదుసార్లు లేవగలిగే దాకా అవ్వను స్నానానికి ఒంటరిగా పంపవద్దు, ఆమె ఎంత కసిరినా సరే.